అందింది వేరు, అయింది వేరు

(మన సంఘం వార్షిక సమావేశం సందర్భంగా గుంటూరులో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం ప్రసంగకర్త స్వయంగా రాసి ఇచ్చినది.)



కార్యదర్శి గారు నన్ను సెల్‌ఫోను వాడకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ పనికి నాకంటే మీ మనవలు సమర్థులు. ఏ మీట ఎక్కడుందో, ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో వాళ్ళు చెబుతారు. నేను ఇంకో సంగతి ఎత్తుకుంటాను. మనం యంత్రానికి ఒక పని చెబుతాం. అది మనకు ఒక మాట తిరిగి చెబుతుంది. ఆ తిరుగు మాటకు అసలు అర్థమేమిటి? "నువ్వు చెప్పింది విన్నాను" అంటోందా, "నువ్వు చెప్పింది చేశాను" అంటోందా? ఈ రెంటి మధ్య తేడా పట్టుకోలేకనే మనవాళ్ళలో కొందరికి పెన్షను ఆగింది. కొందరు ఒకే బిల్లు రెండుసార్లు కట్టారు. అందుకని ఈ పావుగంటా ఈ ఒక్క విషయం మీదే మాట్లాడతాను.

నిజానికి మన డిపార్టుమెంటులో పనిచేసిన వాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. పాత పాఠమే, మరచిపోయాం అంతే. డెబ్బై అయిదు దాటిన వారందరికీ మాన్యువల్ ఎక్స్ఛేంజి గుర్తుండే ఉంటుంది. చందాదారు రిసీవరు ఎత్తితే బోర్డు దగ్గర కూర్చున్న అమ్మాయి "నంబర్ ప్లీజ్" అనేది. ఆ రెండు మాటల్లో "నేను సిద్ధం, నువ్వు చెప్పు" అనే భావమంతా ఉంది. ట్రంకు కాల్ కావాలంటే బుక్ చేయాలి. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగు అని మూడు రకాలు. లైట్నింగు కాల్ అంటే మామూలు చార్జీకి ఎనిమిది రెట్లు. మన పట్నంబజారు మిర్చి వ్యాపారులు, చిలకలూరిపేట పత్తి వ్యాపారులు బొంబాయి ధర తెలుసుకోవటానికి ఆ చార్జీ కూడా పెట్టేవారు. అక్కడ పనిచేసే చిన్న గుమాస్తాకు కూడా ఒక సంగతి తెలుసు. కాల్ "బుక్ అయింది" అంటే బొంబాయి లైను దొరికిందని కాదు. బుకింగు నంబరు కాగితం మీద రాసుకుని, ఫోను పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. లైను వచ్చాకనే యజమానిని పిలిచేవాడు.

పోస్టల్ సోదరులు కూడా కొందరు ఈ సభలో ఉన్నారు. మనియార్డరు సంగతి వారికి చెప్పనక్కరలేదు. కౌంటరు దగ్గర ఇచ్చే రసీదు ఒకటి. అవతలి మనిషి సంతకం పెట్టిన తరువాత వారం పది రోజులకు తిరిగొచ్చే ఎక్నాలెడ్జిమెంటు ముక్క ఇంకొకటి. ఊళ్ళో ఉన్న తల్లికి డబ్బు పంపిన కొడుకు మొదటి కాగితం చూసి ఊరుకునేవాడు కాదు, రెండో ముక్క కోసం పోస్టుమాను దారి చూసేవాడు. దాని మీద అమ్మ వేలిముద్ర కనపడితే అప్పుడు స్థిమితం.

ఆటోమాటిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాక ఆపరేటరు నోటి మాట పోయింది. వీటిని కనిపెట్టిన ఆల్మన్ స్ట్రోజర్ అమెరికాలో కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసుకునే మనిషి. 1891లో పేటెంటు పుచ్చుకున్నాడు. తన వ్యాపారానికి రావలసిన కాల్సు ఆపరేటరు పోటీవాడికి కలుపుతోందన్న అనుమానంతో అసలు ఆపరేటరే లేకుండా చేశాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, మనిషిని తీసేశాక యంత్రం ఏదో ఒక విధంగా మాట్లాడాలి కదా. అప్పుడొచ్చినవే టోన్లు. ఆగకుండా వినిపించే డయల్ టోను "సిద్ధంగా ఉన్నాను" అన్నమాట. 0.4 సెకన్ల చొప్పున రెండుసార్లు మోగి రెండు సెకన్లు ఆగే టోను "అవతల గంట మోగుతోంది" అన్నమాట. 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగితే ఎంగేజు. 2.8 సెకన్లు పొడుగ్గా మోగి 0.2 సెకను ఆగితే ఆ నంబరు అందదని. అక్షరం ముక్క రాని వాళ్ళు కూడా ఈ భాష నెలరోజుల్లో నేర్చుకున్నారు. నా దృష్టిలో యంత్రం మనిషితో మాట్లాడిన తీరుల్లో ఇంతకంటే మంచిది ఇంతవరకు రాలేదు. ఒక్కొక్క టోనుకు ఒక్కటే అర్థం. అది దేశమంతా ఒకే అర్థం. గంట మోగుతోందని చెప్పే టోను, మనిషి ఫోను ఎత్తాడని ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

తరువాత రికార్డు చేసిన మాటలు వచ్చాయి. ఆ లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి, కాసేపాగి ప్రయత్నించమని ఒక ఆడగొంతు చెబుతుండేది. ఎస్.టి.డి. బూత్‌లు వీధికొకటి ఉన్న రోజుల్లో, యార్డుకు సరుకు తెచ్చిన ఒక పెద్దాయన రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని "అమ్మా తల్లీ, కాసేపు అంటే ఎంతసేపో చెప్పమ్మా, బండి కట్టాలి" అని బతిమాలటం నేను కళ్ళారా చూశాను. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆయన అడిగిన ప్రశ్న సరైన ప్రశ్నే అనిపించింది. "తరువాత ప్రయత్నించండి" అనే యంత్రం ఎంత తరువాతో చెప్పవలసిన బాధ్యత తనదే కదా!

ఇప్పుడు అసలు కథకు వస్తాను. 1980ల్లో ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. 1984లో సిడాట్ ఏర్పడింది. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో వాళ్ళ మొదటి గ్రామీణ ఎక్స్ఛేంజి పెట్టారు. 128 పోర్టుల ఆ చిన్న డబ్బా తరువాత మన పల్లెలకు కూడా ఫోను తెచ్చింది. ఇంకోవైపు ఫ్రాన్సు దేశపు ఆల్కాటెల్ వారి ఇ-10-బి, దాని తరువాత ఓ.సి.బి.-283 వచ్చాయి. వీటి దగ్గర స్క్రూడ్రైవరు కంటే కీబోర్డు పని ఎక్కువ. టెర్మినలు ముందు కూర్చుని కమాండు కొట్టాలి. సిడాట్ కమాండ్లు ఇంగ్లీషు మాటలు కత్తిరించి చేసినవి కాబట్టి కొంత నయం. ఓ.సి.బి.లో కొత్త కనెక్షను సృష్టించాలంటే "ఎ.బి.ఓ.సి.ఆర్." అని కొట్టాలి. ఫ్రెంచిలో చందాదారును "అబొనె" అంటారట. మొదటి మూడక్షరాలు అందులోవి. డైరెక్టరీ నంబరుకు "ఎన్.డి.", పరికరం నంబరుకు "ఎన్.ఇ." కూడా ఫ్రెంచి మాటలకు పొట్టి రూపాలే. గోంగూర పచ్చడి తిని డ్యూటీకి వచ్చి ఎనిమిది గంటలు ఫ్రెంచిలో మాట్లాడిన ఘనత మనది. మన వేతన సంఘాలు దీనికి ప్రత్యేక అలవెన్సు ఇవ్వలేదు, అది వేరే విషయం.

ఆ యంత్రంలో ఒక గొప్ప గుణం ఉంది. కమాండు కొట్టగానే అది ముందు "ఎ.సి.సి." అని వేసేది. అంటే యాక్సెప్టెడ్. నీ కమాండులో తప్పు లేదు, తీసుకున్నాను అని. పని పూర్తయిన తరువాత వేరే వరసలో "ఇ.ఎక్స్.సి." అని వేసేది. అంటే ఎగ్జిక్యూటెడ్, చేశాను అని. ఈ రెండు వరసల మధ్య ఒక్కోసారి రెప్పపాటు, ఒక్కోసారి నిమిషాలు. రెండో వరస వస్తేనే పని అయినట్టు. ఇది ఆ ఒక్క కంపెనీ తెలివి కూడా కాదు. టెలిఫోను రంగంలో అంతర్జాతీయ ప్రమాణాలు చేసే సి.సి.ఐ.టి.టి., 1993 నుంచి దాని పేరు ఐ.టి.యు.-టి, "మ్యాన్-మెషీన్ లాంగ్వేజి" అని ప్రత్యేకంగా సిఫారసులు చేసింది. మనిషి చెప్పినదాన్ని యంత్రం అంగీకరించిందో, తిరగగొట్టిందో, జవాబు ఇస్తోందో, ఇంకేదైనా వివరం అడుగుతోందో వేరువేరుగా తెలియజెయ్యాలని అందులో ఉంది. మనం అడగకుండా యంత్రం తనంతట తాను చెప్పే అలారంలాంటి మాటలు ఈ సంభాషణకు బయటివి అని కూడా విడదీశారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మోసాల గురించి చెప్పేటప్పుడు మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ఒక ఎక్స్ఛేంజిలో, ఊరు చెప్పను, కొత్తగా చేరిన ఒక కుర్రాడు ఉండేవాడు. బిల్లు బకాయి వల్ల నిలిపేసిన ఒక మిర్చి వ్యాపారి ఫోను తిరిగి ఇవ్వాలి. ఫిబ్రవరి నెల, యార్డులో టిక్కీలు గుట్టలుగా పడివున్న రోజులు. వ్యాపారి డబ్బు కట్టి రసీదు తెచ్చాడు. కుర్రాడు కమాండు కొట్టాడు. మొదటి వరస చూశాడు. "మీ ఫోను అయిపోయిందండీ, వెళ్ళండి" అన్నాడు. రెండో వరసలో పని జరగలేదని, దానికి కారణం కూడా యంత్రం చక్కగా వేసింది. అప్పటికే అతను టీకి లేచాడు. ఆ మధ్యాహ్నమంతా వ్యాపారి ఫోను మూగది. బయటి ఊళ్ళ కొనుగోలుదార్ల ఆర్డర్లు ఆరోజు పక్క దుకాణానికి పోయాయి. సాయంత్రం ఆయన ఎక్స్ఛేంజికి వచ్చి అన్న మాటలు ఇక్కడ అచ్చు వేయదగినవి కావు. యంత్రం అబద్ధమాడలేదు. రెండు మాటలు చెప్పింది, విన్నవాడు ఒకటే విన్నాడు.

కంప్యూటర్లన్నీ ఇంత మర్యాదగా మాట్లాడతాయని అనుకోవద్దు. 1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో, అదీ టెలిఫోను వాళ్ళ సంస్థే, యూనిక్స్ అనే వ్యవస్థ మొదలైంది. అందులో కాగితాలు దిద్దే "ఇడి" అనే ప్రోగ్రాము ఒకటి ఉంది. మనం ఏ తప్పు చేసినా అది ఒక్క ప్రశ్నార్థకం వేసి ఊరుకుంటుంది. తప్పేమిటో మనమే ఊహించుకోవాలి. పని సరిగ్గా అయితే చాలాసార్లు ఏమీ అనదు. ఏమీ అనకపోతే అయినట్టే అని దాని పద్ధతి. పాత బడిపంతులు లెక్క సరిగ్గా చేస్తే పలక పక్కన పెట్టేసేవాడు, తప్పు చేస్తే బెత్తం చూపేవాడు, అలాగన్నమాట. ఆ తరువాత మన ఆఫీసులకు వచ్చిన డాస్ కంప్యూటర్లలో ఫ్లాపీ దొరక్కపోతే "అబార్ట్, రీట్రై, ఫెయిల్?" అని అడిగేది. మూడూ భయపెట్టేవే. ఇలాంటి మాటలు రాసినవాళ్ళు తమలాంటి ఇంజనీర్లు చదువుతారనుకుని రాశారు. అప్పట్లో అది నిజం కూడా. ఇప్పుడు చదివేది ఎవరు? పర్చూరులో మన పెన్షనరు, ప్రత్తిపాడులో పత్తి రైతు, ఫ్యామిలీ పెన్షను మీద బతుకుతున్న మన సోదరి. ఎవరి చేతిలో చూసినా టెర్మినలే. మనుషులు మారారు, మాటలు మారలేదు.

మారలేదని ఎందుకంటున్నానంటే తెలుగులోకి వచ్చిన మాటలు చూడండి. "మీ అభ్యర్థన విజయవంతంగా సమర్పించబడింది" అని వస్తుంది. ఏ తెలుగువాడు ఇలా మాట్లాడతాడు? సరే, భాష సంగతి పక్కన పెడదాం. అర్థం చూడండి. ఇందులో విజయవంతమైనది ఏమిటి? సమర్పణ. అంటే కాగితం బల్ల మీద పడింది. అంతే. అది మొదటి వరస, ఎ.సి.సి. మాత్రమే. కాని "విజయవంతంగా" అన్న పెద్ద మాట, పక్కన ఆకుపచ్చ రంగులో టిక్కు గుర్తు చూసి మనవాళ్ళు పని అయిపోయిందని ఫోను జేబులో పెట్టుకుంటున్నారు. అదే "మీ దరఖాస్తు అందింది. ఇంకా పరిశీలించాలి. ఫలానా తేదీలోగా కబురు రాకపోతే ఫలానా చోట అడగండి" అని రాస్తే ఎంత బాగుంటుంది! ఇక్కడ ఒక సాంకేతికమైన ఇబ్బంది కూడా ఉంది, న్యాయంగా అది కూడా చెప్పాలి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగయితే 70 మాత్రమే, అందులో గుణింతాలు, ఒత్తులు కూడా లెక్కకు వస్తాయి. కాబట్టి తెలుగు మెసేజి రెండు మూడు ముక్కలవుతుంది, పంపేవాడికి ఖర్చు పెరుగుతుంది. అందుకని చాలామంది ఇంగ్లీషులోనే కానిచ్చేస్తారు. కాని యాప్ తెర మీద ఈ ఇబ్బంది లేదు, అక్కడ కావలసినంత చోటుంది. అక్కడ కూడా ఇలాగే రాయటం నిర్లక్ష్యమే.

ఇక మన ప్రాణానికి సంబంధించిన విషయం, లైఫ్ సర్టిఫికెట్టు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైంది. 2021 నవంబరు నుంచి వేలిముద్ర పడని పెద్దలకు ముఖం చూపించి ఇచ్చే వీలు కూడా వచ్చింది. ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు. కాళ్ళు ఆడని మనిషిని ఆటోలో కూర్చోబెట్టుకుని బ్యాంకుకు తీసుకుపోవలసిన బాధ తప్పింది. సర్టిఫికెట్టు తయారు కాగానే ఫోనుకు మెసేజి వస్తుంది, అందులో ప్రమాణ్ ఐ.డి. అని ఒక నంబరుంటుంది. ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ నంబరు వచ్చిందంటే సర్టిఫికెట్టు తయారైంది. మీ పెన్షను ఇచ్చేవారు దాన్ని తీసుకుని అంగీకరించారని మాత్రం కాదు. పి.పి.ఓ. నంబరులో ఒక అంకె తేడా ఉన్నా, పెన్షను ఇచ్చే ఏజెన్సీ తప్పుగా ఎంచుకున్నా అవతల తిరస్కరిస్తారు. అప్పుడు సరైన వివరాలతో మళ్ళీ కొత్త ప్రమాణ్ ఐ.డి. పుట్టించుకోవాలి.

మన మిత్రుడొకరికి సరిగ్గా ఇదే జరిగింది. నరసరావుపేట వైపు ఉంటారు. దగ్గరలోని ఒక కేంద్రంలో వేలిముద్ర వేశారు, చీటీ ఇచ్చారు, మెసేజి వచ్చింది. ఆయన ఆ మెసేజిని భద్రంగా దాచుకున్నారు కూడా. గడువు దాటాక పెన్షను పడలేదు. ఇంట్లో ఆవిడకు డయాలసిస్ జరుగుతోంది, వారానికి రెండుసార్లు గుంటూరు రావాలి. చేతిలో డబ్బు లేక అల్లుడిని అడగవలసి వచ్చిందని ఆయన నాతో చెప్పుకున్నప్పుడు, నలభై ఏళ్ళు ఒకరికి పెట్టిన చేతికి ఆ బాధ ఎంతటిదో నాకు తెలిసింది. ఇద్దరం కూర్చుని చీటీ చూశాం. ఆయన పెన్షను సంపన్న్‌లోకి మారి చాలా కాలమైంది. మన టెలికాం పెన్షనర్ల కోసం 2018 డిసెంబరు 29న ప్రారంభించిన ఏర్పాటు అది. కేంద్రంలోని అబ్బాయి మాత్రం పెన్షను ఇచ్చే ఏజెన్సీ అన్నచోట పాత బ్యాంకు పేరు పెట్టాడు. కాగితం వెళ్ళింది, వెళ్ళవలసిన చోటికి వెళ్ళలేదు. సరిచేసి మళ్ళీ పంపాం. స్టేటస్‌లో అంగీకరించారని చూసేవరకు నేను ఆయన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు, తరువాత రెండు రోజులు ఫోను చేస్తూనే ఉన్నాను. బకాయితో సహా పెన్షను వచ్చింది. కాని మధ్యలో ఆ ఇంట్లో గడచిన రోజుల సంగతి ఏ స్టేటస్‌లోనూ కనిపించదు.

2020 జనవరి 31న వి.ఆర్.ఎస్. మీద ఒక్కరోజే 78,569 మంది బి.ఎస్.ఎన్.ఎల్. నుంచి బయటికి వచ్చారు. వారిలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇప్పుడిప్పుడే అరవై అయిదు దాటుతున్నారు. "మాకు ఫోను బాగా తెలుసు" అనే ధీమా వీరికి ఎక్కువ. వారికే ఇంకాస్త గట్టిగా చెబుతున్నాను. బ్యాంకు ద్వారా పెన్షను తీసుకునేవారికి నవంబరు నెల, 80 దాటినవారికి అక్టోబరు 1 నుంచే వీలుంది. సంపన్న్ వారు తమ పాత సర్టిఫికెట్టు ఏ నెలలో తీరుతుందో విడిగా చూసుకోవాలి.

బ్యాంకు యంత్రాల సంగతి త్వరగా చెబుతాను. ఏ.టి.ఎం.లో డబ్బు రాలేదు, ఖాతాలో తగ్గినట్టు మెసేజి వచ్చింది. కంగారు పడి మళ్ళీ మళ్ళీ నొక్కవద్దు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులరు ప్రకారం ఆ డబ్బు లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజుల్లోగా తిరిగి వేయాలి. దాటితే రోజుకు వంద రూపాయలు, మనం అడక్కపోయినా, కలిపి ఇవ్వాలి. యు.పి.ఐ.లో ఒకరికి పంపిన డబ్బు మన ఖాతాలో తగ్గి అవతల పడకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి రావాలి, అదే దుకాణానికి కట్టినదయితే అయిదు రోజులు. తెర మీద "పెండింగ్" అని ఉందంటే అయిందనీ కాదు, కాలేదనీ కాదు. ట్రంకు కాల్ బుక్ అయి లైను కోసం చూస్తున్నట్టు. ఆ స్థితిలో రెండోసారి కట్టినవాళ్ళే డబ్బు ఇరుక్కుపోయి తిరుగుతున్నారు. ఫెయిలయింది అని వస్తే కారణం చదవండి. పిన్ను తప్పు, నిల్వ చాలదు, రోజు పరిమితి దాటింది అన్నవి మన వైపు కారణాలు, వీటిని బిజినెస్ డిక్లైన్ అంటారు. బ్యాంకు సర్వరు అందలేదు వంటివి వాళ్ళవైపు కారణాలు, టెక్నికల్ డిక్లైన్. రెండో రకానికి మన పిన్ను మార్చుకుని ఉపయోగం లేదు.

మనలో సగంమందికి ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉంది. పిల్లలో, తమ్ముళ్ళో సేద్యం చేస్తున్నారు. వాళ్ళ కోసం కూడా ఒక మాట. మిర్చి యార్డులో మన రైతును యంత్రాల గురించి ఎవరూ మోసం చేయలేరు, ఎందుకంటే ఈ తేడా అతనికి పుట్టుకతోనే తెలుసు. మచ్చు చూసి ధర అనటం వేరు, కాటా పడటం వేరు, డబ్బు చేతిలో పడటం వేరు. అదే జాగ్రత్త ఫోను దగ్గర మాత్రం జారిపోతోంది. 2025-26 సీజనుకు కాటన్ కార్పొరేషన్ వారు కపాస్ కిసాన్ అనే యాప్ పెట్టారు. పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. ఆ ధర కావాలంటే యాప్‌లో పేరు నమోదు కావాలి, వివరాలు సరిచూడటం పూర్తికావాలి, తరువాత మిల్లుకు తేవటానికి స్లాటు దొరకాలి. నమోదు అయిందన్న మాట చూసి ట్రాక్టరు మాట్లాడుకుని మిల్లు గేటు దగ్గరకు పోతే స్లాటు ఏదని అడుగుతారు. స్లాటు ఉన్నా తేమ 8 శాతం లోపు ఉంటేనే పూర్తి ధర, 12 దాటితే కొనరు. పత్తి ఆరిందో లేదో ఏ మెసేజీ చెప్పదు, చేత్తో పట్టుకుని మనమే చూసుకోవాలి. ట్రాక్టరు కిరాయి, కూలీ తిరిగి ఎవరూ ఇవ్వరు.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గరకు వస్తున్నాను. మనం ఏ కమాండూ ఇవ్వకుండానే వచ్చే మాటలు. ఎక్స్ఛేంజిలో అలారం మోగితే మనం ఏం చేసేవాళ్ళం? ముందు ఏ ప్యానెలు నుంచి వచ్చిందో చూసేవాళ్ళం. చూడకుండా ఏదో కార్డు పీకేవాళ్ళం కాదు. ఫోనుకు "మీ ఖాతా ఈ రాత్రికి నిలిచిపోతుంది" అని వచ్చినప్పుడు కూడా అంతే. మనం ఏమీ అడగలేదు, అది వచ్చింది. కాబట్టి ముందు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. 2025 నుంచి టెలికాం రెగ్యులేటరీ అథారిటీ వారి నిబంధన ప్రకారం కంపెనీలు, ప్రభుత్వం పంపే మెసేజిల్లో పంపినవారి పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. పి అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. పదంకెల మామూలు నంబరు నుంచి బ్యాంకు పేరుతో వచ్చిందంటే అది బ్యాంకు కాదు. ఇంకొక సంగతి. యు.పి.ఐ. పిన్ను మన డబ్బు బయటికి పంపటానికి, మన నిల్వ చూసుకోవటానికి మాత్రమే. డబ్బు మనకు రావటానికి పిన్ను ఎన్నడూ అడగదు. యంత్రం మిమ్మల్ని పిన్ను అడిగిందంటే పైన రాసిన అంకె చదవండి, ఆ అంకె మీ ఖాతా నుంచి పోతుంది. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చెప్పినదాని ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివారి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే నష్టం మీ మీద పడదు. ఓ.టి.పి. మీరే చెప్పి ఉంటే మాత్రం ఈ రక్షణ వర్తించదు, మీరు తెలియజేసేదాకా జరిగిన నష్టం మీరే భరించాలి. అందుకే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో "మన మిత్ర" పేరుతో 161 సేవలు ప్రారంభించింది. హాయ్ అని పంపితే అది జాబితా చూపిస్తుంది, మనం ఎంచుకుంటూ పోవాలి. అంటే టెర్మినలే, కమాండు బదులు మెనూ. ఇలాంటివి ఇంకా వస్తాయి, రావాలి కూడా. గవర్నమెంటు ఆఫీసు మెట్లెక్కే పని తగ్గితే మన మోకాళ్ళకు మంచిదే. అందుకని కార్యవర్గానికి ఒక సూచన చేస్తున్నాను. డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మనం మెమొరాండాలు ఇస్తూనే ఉన్నాం. వాటితోపాటు ఈ మెసేజిల గురించి కూడా ఒకటి ఇవ్వాలి. పెన్షనరుకు పంపే ప్రతి మెసేజిలో పని ఎంతవరకు వచ్చింది, ఇంకా ఏమి మిగిలింది, ఎన్నాళ్ళు ఆగాలి, ఆగినా కాకపోతే ఎవరిని అడగాలి అన్నవి వాడుక తెలుగులో ఉండాలని కోరాలి. మన మిత్రుడి కేసు, పేరు లేకుండా, దానికి జత చేయవచ్చు. ఆయన ఒప్పుకున్నారు.

నవంబరు నెలలో ప్రతి సోమవారం, గురువారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు మన ఆఫీసు గదిలో నేను, ఇంకో ఇద్దరు మిత్రులు కూర్చుంటాం. పి.పి.ఓ. కాపీ, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, మీ ఫోను తెచ్చుకోండి. ఫోను చార్జింగు పెట్టుకుని తీసుకురండి, మా గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. ఒక చిన్న నోటు పుస్తకం కూడా తెచ్చుకుంటే ప్రమాణ్ ఐ.డి. వచ్చిన తేదీ ఒక గడిలో, అంగీకరించిన తేదీ పక్క గడిలో రాసి ఇస్తాం. రెండో గడి ఖాళీగా ఉన్నవారికి మేమే ఫోను చేసి పిలుస్తాం. కళ్ళజోడు మరచిపోవద్దు.